కెమెరాలో కలర్ స్పేస్: ఎస్ఆర్‌జీబీ పెట్టాలా, అడోబ్ ఆర్‌జీబీ పెట్టాలా?

కెమెరా మెనూలో ఇమేజ్ క్వాలిటీ, వైట్ బ్యాలెన్స్ దాటి ఇంకాస్త కిందికి వెళ్తే 'కలర్ స్పేస్' అని ఒక వరుస కనిపిస్తుంది. తెరిస్తే అందులో సాధారణంగా ఉండేవి రెండే: ఎస్ఆర్‌జీబీ, అడోబ్ ఆర్‌జీబీ. కొత్త కెమెరా మామూలుగా ఎస్ఆర్‌జీబీ మీదే ఉండి వస్తుంది. చాలామంది దాని జోలికి వెళ్లరు, వాళ్లకు వచ్చే నష్టమూ లేదు. చిక్కంతా 'అడోబ్ ఆర్‌జీబీలో రంగులు ఎక్కువ' అని విని, ఎక్కువుంటే మంచిదేగా అని మార్చేసినవాళ్లకే.

నేనూ కొన్నేళ్ల కిందట అలాగే మార్చాను. ఒక వేడుకలో వందల ఫొటోలు ఆ సెట్టింగ్‌లోనే జేపెగ్‌గా తీసి, ఉన్నవి ఉన్నట్టే పంపించాను. నా కంప్యూటర్లో నిండుగా ఉన్న మొహాలు అవతలివాళ్ల స్క్రీన్ల మీద జ్వరపడి లేచినట్టు పాలిపోయి కనిపించాయి. ఫైళ్లు చెడిపోలేదు, వాటిలో రంగులూ తగ్గలేదు. మీటర్లలో రాసిచ్చిన కొలతను దర్జీ గజాలనుకుని చదివితే గుడ్డ ఎలా తక్కువ పడుతుందో, అచ్చం అదే జరిగింది. అంకెలు సరైనవే, వాటిని చదివిన కొలబద్ద వేరు.

అందుకే ముందే చెప్తున్నాను: కలర్ స్పేస్ నాణ్యతను పెంచే సెట్టింగ్ కాదు. ఫైల్‌లోని అంకెలను ఏ కొలబద్దతో చదవాలో చెప్పే ఒప్పందం. ఫొటో చివరికి చేరే చోటు దాకా అందరూ ఆ ఒప్పందాన్ని పాటిస్తేనే పెద్ద స్పేస్ వల్ల లాభం. మధ్యలో ఒక్కరు పాటించకపోయినా అసలుకే మోసం.

తొందరలో ఉన్నవాళ్లకు జవాబు ఇది. జేపెగ్ తీసేవాళ్లు ఎస్ఆర్‌జీబీ మీద ఉంచండి. రా (సెన్సర్ కొలతలను ఉన్నవి ఉన్నట్టే దాచే ఫైల్) తీసేవాళ్లు ఏది పెట్టినా ఫొటో డేటా మారదు, అసలు నిర్ణయం కంప్యూటర్ దగ్గర తీసుకుంటారు. ఇలా ఎందుకో, దీనికి మినహాయింపులు ఎక్కడున్నాయో తెలుసుకోవాలంటే మిగతాది చదవండి.

అంకెల వెనక ఏముంది

జేపెగ్ ఫైల్‌లో నిజానికి రంగులుండవు, అంకెలుంటాయి. ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెక్కన మూడంకెలు, ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. ఎరుపు 255 అని రాసి ఉంటే అది ఎంత గాఢమైన ఎరుపు? ఆ సంగతి అంకె చెప్పదు, కలర్ స్పేస్ చెప్తుంది.

ఎస్ఆర్‌జీబీని 1996లో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఆ రోజుల్లో బల్లల మీద ఉన్న గాజు గొట్టాల మానిటర్లు ఏ రంగులు చూపగలవో వాటినే దానికి హద్దుగా తీసుకున్నారు. పరిధి చిన్నది కావడానికి కారణం అదే. అడోబ్ సంస్థ 1998లో తెచ్చిన స్పేస్ ఉద్దేశం వేరు. ముద్రణలో వాడే సిరాలు, ముఖ్యంగా సయాన్ సిరా, ఎస్ఆర్‌జీబీకి అందని కొన్ని నీలాకుపచ్చ రంగులను కాగితం మీద చూపగలవు. అవి కూడా ఫైల్‌లో పట్టేలా పరిధిని విస్తరించారు. మనిషి కన్ను గుర్తించగల రంగుల్లో ఎస్ఆర్‌జీబీ దాదాపు 35 శాతాన్ని పట్టుకుంటే, అడోబ్ ఆర్‌జీబీ సుమారు సగాన్ని పట్టుకుంటుందని లెక్క.

ఈ శాతాలు వినగానే అన్ని రంగులూ పెరిగాయనిపిస్తుంది. అది నిజం కాదు. రంగుల పటం మీద ఈ రెండు స్పేస్‌లనూ త్రిభుజాలుగా గీస్తారు. ఎరుపు మూల, నీలం మూల రెండింటిలోనూ ఒకే చోట ఉంటాయి. జరిగింది ఆకుపచ్చ మూల ఒక్కటే. అంటే దక్కిన అదనమంతా ఆకుపచ్చ, నీలాకుపచ్చ వైపే, పసుపు వైపు ఏదో కాస్త. లోతు తక్కువ ఉన్న సముద్రపు నీళ్లు, నెమలి మెడ మీది ఈకల రంగు, ఎండ పడి మెరిసే లేత ఆకులు, గాఢమైన నీలాకుపచ్చ అద్దకం ఉన్న బట్ట లాంటి చోట్ల తేడా ఉంటుంది. మనుషుల చర్మం, గోడలు, మట్టి, మబ్బులు, జుట్టు ఎస్ఆర్‌జీబీలోనే హాయిగా ఇమిడిపోతాయి. మనుషుల ఫొటోలే తీసేవాళ్లకు పెద్ద స్పేస్ వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు.

వేదిక మీద నీలం ఎల్‌ఈడీ దీపాల కింద ఫొటో తీస్తే గాయకుల మొహాలు నీలం ముద్దల్లా వస్తాయి. అడోబ్ ఆర్‌జీబీకి మారితే అది నయమవుతుందని కొందరు చెప్తుంటారు. నయం కాదు. నీలం మూల రెండింటికీ ఒకటే, ఆ దీపాల నీలం రెండింటికీ బయటే పడుతుంది. అక్కడ పనికొచ్చేది ఎక్స్‌పోజర్ తగ్గించడం, రా తీయడం.

ఇప్పుడు మొహాలు పాలిపోవడం దగ్గరికి వద్దాం. ఎస్ఆర్‌జీబీలో పూర్తి ఎరుపు 255, 0, 0. అచ్చంగా అదే ఎరుపును అడోబ్ ఆర్‌జీబీలో రాస్తే 219, 0, 0 అవుతుంది. అక్కడ కొలబద్ద పెద్దది కాబట్టి చిన్న అంకె సరిపోతుంది. ఎస్ఆర్‌జీబీలోని పూర్తి ఆకుపచ్చ 0, 255, 0 అయితే, అడోబ్‌లో అది 144, 255, 60. ఫైల్ ఏ స్పేస్‌లో ఉందో చూడని ప్రోగ్రామ్ దీన్ని తెరిచిందనుకోండి. అది 219ని ఎస్ఆర్‌జీబీ 219గా చదువుతుంది, ఎరుపు వెలిసిపోతుంది. 144, 255, 60ని చూసి ఆకుపచ్చలో ఎరుపు, నీలం కలిసి ఉన్నాయనుకుంటుంది, పచ్చదనం చప్పబడుతుంది. రంగుల మధ్య తేడాలన్నీ ఇలా కుదించుకుపోవడం వల్లే ఫొటో మీద బూడిద చల్లినట్టుంటుంది.

ఇంకొక్క సంగతి. స్పేస్ పెద్దదైనా జేపెగ్‌లో మెట్ల సంఖ్య మారదు. ఒక్కో రంగుకు 256 మెట్లే, మొత్తం కలయికలు 1,67,77,216. ఎక్కువ దూరాన్ని అవే మెట్లతో దాటాలి కాబట్టి ఒక్కో మెట్టు ఎత్తు పెరుగుతుంది. నీలాకాశం లాంటి నునుపైన చోట, ఎడిటింగ్‌లో బాగా లాగినప్పుడు, చారలు పడే అవకాశం కాస్త ఎక్కువవుతుంది. మామూలు ఫొటోలో ఇది కంటికి ఆనేంత తేడా కాదు. కానీ వాడుకోని రంగుల కోసం వాడుకునే రంగుల్లో మెత్తదనం వదులుకోవడం నాకు సమంజసంగా అనిపించదు.

అడుగు 1: మీరు తీసేది రానా, జేపెగా?

మిగతా నిర్ణయాలన్నీ ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంటాయి.

రా ఫైల్ అంటే సెన్సర్ మీద పడ్డ వెలుగు లెక్క. సెన్సర్ గళ్ల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం జల్లెడలుంటాయి, ఒక్కో గడి తన జల్లెడ దాటి వచ్చిన వెలుగును మాత్రమే కొలుస్తుంది. ఆ కొలతలు ఎస్ఆర్‌జీబీలోనూ ఉండవు, అడోబ్ ఆర్‌జీబీలోనూ ఉండవు. వాటిని రంగులుగా మార్చే పని తర్వాత, కంప్యూటర్లో జరుగుతుంది. అందుకని మెనూలో మీరు ఏది ఎంచుకున్నా రా డేటాలో ఒక్క అంకె కూడా మారదు. ఫైల్‌కు ఒక చీటీ మాత్రం అంటుకుంటుంది. కెమెరా కంపెనీ ఇచ్చే సొంత సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఆ చీటీ చూసి అదే స్పేస్‌లో మొదలుపెడుతుంది. లైట్‌రూమ్ లాంటి ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లు దాన్ని పట్టించుకోవు.

జేపెగ్ అయితే కెమెరా లోపలే వంట పూర్తవుతుంది. సెన్సర్ చూసిన రంగులను మీరు చెప్పిన స్పేస్‌లోకి మార్చి, దాని హద్దుకు బయట ఉన్నవాటిని హద్దులోకి నొక్కి, 8 బిట్లకు, అంటే ఆ 256 మెట్లకు, కుదించి రాసేస్తుంది. నొక్కేసిన రంగులు మళ్లీ రావు. ఎస్ఆర్‌జీబీ జేపెగ్‌ను తర్వాత అడోబ్ ఆర్‌జీబీకి మార్చినా చిన్న గిన్నెలో నీళ్లు పెద్ద గిన్నెలో పోసినట్టే, నీళ్లు పెరగవు.

రా, జేపెగ్ రెండూ కలిపి తీసేవాళ్లు జేపెగ్ ఎవరి కోసమో చూసుకోండి. వెంటనే పంచుకోవడానికే అయితే ఎస్ఆర్‌జీబీ. నేను చేసేది ఇదే. గాఢమైన రంగుల అవసరం వస్తే రా ఎలాగూ ఉంది.

అడుగు 2: ఫొటో చివరికి ఎక్కడ తేలుతుంది?

కెమెరా ముందు కాదు, చివరి మజిలీ దగ్గర నిలబడి ఆలోచించండి.

ఫోన్లలో చూడటానికి, సోషల్ మీడియాలో పెట్టడానికి, మెయిల్‌లో పంపడానికి, వెబ్‌సైట్‌కు, ప్రొజెక్టర్ మీద చూపడానికి అయితే ఎస్ఆర్‌జీబీ తప్ప వేరే ఆలోచన వద్దు. ఈనాటి బ్రౌజర్లు ఫైల్‌లో ప్రొఫైల్ (అది ఏ కలర్ స్పేస్‌లో ఉందో చెప్పే చీటీ) ఉంటే బాగానే చదువుతాయి. కానీ ఫొటో మీ చేతి నుంచి బ్రౌజర్ దాకా వెళ్లే దారిలో దాన్ని ఎవరో కుదిస్తారు, ఎవరో చిన్న సైజు చేస్తారు, ఎవరో అదనపు సమాచారాన్ని చెరిపేస్తారు. ప్రొఫైల్ చెరిగిపోతే చదివేవాళ్లు ఎస్ఆర్‌జీబీ అనుకునే చదువుతారు. మీ ఫైల్ నిజంగా ఎస్ఆర్‌జీబీ అయితే చీటీ ఊడిపోయినా గొడవ లేదు. ఎస్ఆర్‌జీబీ అసలు బలం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ముద్రణ సంగతి ఇంత సూటిగా ఉండదు. ఆల్బమ్ ప్రింట్లు వేసే ల్యాబులు చాలావరకు ఎస్ఆర్‌జీబీ ఫైళ్లే అడుగుతాయి. వాళ్ల వ్యవస్థ అంతా దానికే కుదురుకుని ఉంటుంది, అడోబ్ ఆర్‌జీబీ ఫైల్ ఇస్తే దాన్ని సరిగ్గా చదువుతారన్న హామీ లేదు. కొన్ని మంచి ల్యాబులు తమ యంత్రానికీ, కాగితానికీ సరిపడే ఐసీసీ ప్రొఫైల్ (అవి ఏ రంగులు చూపగలవో చెప్పే ప్రామాణిక ఫైల్) ఇస్తాయి, అడోబ్ ఆర్‌జీబీ తీసుకుంటామని స్పష్టంగా చెప్తాయి. అలాంటి చోట పెద్ద స్పేస్ పనికొస్తుంది. ఊహించుకోకండి, ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోతుంది: "మీకు ఫైల్ ఏ ప్రొఫైల్‌లో కావాలి?" ఈ ప్రశ్నకు అటువైపు తడబాటు వినిపిస్తే ఎస్ఆర్‌జీబీ ఇవ్వండి.

సొంతంగా ఇంక్‌జెట్ ప్రింటర్ పెట్టుకుని, ఎనిమిదీ పదీ సిరాలతో మంచి కాగితం మీద ముద్రించుకునేవాళ్లకు అడోబ్ ఆర్‌జీబీ, అంతకంటే పెద్దవి నిజంగా అక్కరకొస్తాయి. అలాంటి ప్రింటర్లు ఎస్ఆర్‌జీబీ హద్దుకు బయట ఉన్న నీలాకుపచ్చలు, కొన్ని పసుపులు తేలిగ్గా వేస్తాయి. అయితే ఆ స్థాయి శ్రద్ధ ఉన్నవాళ్లు రా తీయాలి. జేపెగ్‌లో అడోబ్ ఆర్‌జీబీ అన్నది వాళ్లకు కూడా గుడ్డిలో మెల్లే.

పత్రికలకు, పుస్తకాలకు ఫొటోలు ఇచ్చేవాళ్లు కోరినదాన్నే ఇవ్వండి. కొందరు అడోబ్ ఆర్‌జీబీ అడుగుతారు, ఎందుకంటే సీఎంవైకేకి, అంటే ముద్రణలో వాడే నాలుగు సిరాల లెక్కకు, మార్చేటప్పుడు సయాన్ వైపు రంగులు నిలుస్తాయి. మీరే సీఎంవైకేకి మార్చి ఇవ్వాల్సిన పని లేదు, ముద్రించే కాగితం ఏదో తెలియకుండా మారిస్తే తప్పుతుంది.

వీడియోకు ఈ సెట్టింగ్‌తో సాధారణంగా సంబంధం లేదు. వీడియో లోకానికి రెక్ 709 లాంటి ప్రమాణాలు వేరే ఉన్నాయి, వాటిని వీడియో మెనూలోనే చూసుకోవాలి. కొన్ని కొత్త కెమెరాల్లో హెచ్‌డీఆర్ ఫొటో మోడ్ పెడితే కలర్ స్పేస్ వరుస మసకబారి ఎంచుకోనివ్వదు. అది లోపం కాదు, ఆ మోడ్ తన స్పేస్‌ను తనే తెచ్చుకుంటుంది.

అడుగు 3: మీ స్క్రీన్ చూపించలేనిదాన్ని మీరు దిద్దలేరు

మామూలు ల్యాప్‌టాప్ స్క్రీన్లు ఎస్ఆర్‌జీబీ దగ్గరే ఆగుతాయి, చవకవి అది కూడా పూర్తిగా చూపవు. అడోబ్ ఆర్‌జీబీలో అదనంగా ఉన్న ఆకుపచ్చలు అలాంటి స్క్రీన్ మీద కనిపించవు. కనిపించని రంగును సరిచేయడమంటే చీకట్లో గోడకు రంగు వేయడమే. మీ మానిటర్ వివరాల్లో 'అడోబ్ ఆర్‌జీబీ 99 శాతం' లాంటి మాట ఉందేమో చూడండి. లేకపోతే పెద్ద స్పేస్‌లో ఎడిట్ చేయొచ్చు కానీ, అంచు రంగుల విషయంలో ప్రింట్ చేతికొచ్చేదాకా ఏమైందో తెలియదు.

ఉన్నా సరే, కాలిబ్రేషన్ చేయని మానిటర్‌ను నమ్మకండి. కొలిచే పరికరంతో తెలుపును డీ65కు (పగటి వెలుగు లాంటి ప్రామాణిక తెలుపు), గామాను (మధ్యస్థాయి వెలుగులు ఎలా కనిపించాలో చెప్పే అంకె) 2.2కు, వెలుతురును మీ గది వెలుగుకు తగ్గట్టు చదరపు మీటరుకు 100 నుంచి 120 క్యాండెలాల దగ్గరకు తెచ్చుకుంటే బాగుంటుంది. నా అనుభవంలో 'ప్రింట్ నల్లగా వచ్చింది' అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం కలర్ స్పేస్ కాదు, మితిమీరి వెలిగే స్క్రీన్.

ఫోన్ల సంగతి మధ్యలో చెప్పుకోవాలి. ఐఫోన్లు 2016లో వచ్చిన ఐఫోన్ 7 నుంచి డిస్‌ప్లే పీ3 అనే స్పేస్‌లో ఫొటోలు తీస్తున్నాయి. ఇది ఎస్ఆర్‌జీబీ కంటే సుమారు పాతిక శాతం పెద్దది. అడోబ్ ఆర్‌జీబీ ఆకుపచ్చ వైపు సాగితే, పీ3 ఎరుపు, నారింజ వైపు కూడా సాగుతుంది. కాబట్టి పీ3 స్క్రీన్ ఉన్నంత మాత్రాన అడోబ్ ఆర్‌జీబీ ఫొటో పూర్తిగా కనిపిస్తుందనుకోవద్దు. రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు.

అడుగు 4: మెనూలో మార్చడం, మారిందో లేదో చూసుకోవడం

ఈ పని నిమిషం కూడా పట్టదు. షూటింగ్ మెనూ లేదా ఇమేజ్ క్వాలిటీ మెనూ తెరిచి 'కలర్ స్పేస్' దగ్గరకు వెళ్లి ఎంచుకోవడమే. ఆ వరుస కనిపించకపోయినా, మార్చనివ్వకపోయినా ముందు మోడ్ డయల్ చూడండి. కొన్ని కెమెరాలు పూర్తి ఆటో మోడ్‌లో, సీన్ మోడ్‌లలో ఎస్ఆర్‌జీబీనే బిగించి ఉంచుతాయి. పీ, ఏ, ఎస్, ఎం లాంటి మోడ్‌లకు మారితే ఎంపిక తెరుచుకుంటుంది. సీ1, సీ2 అంటూ సొంత సెట్టింగ్‌లు దాచుకున్నవాళ్లు వాటిలో ఒక్కోదాన్నీ విడిగా చూసుకోవాలి. ఒకదాంట్లో మార్చినది ఇంకోదాంట్లో మారదు.

మారిందో లేదో తెలుసుకోవడానికి మెనూకే వెళ్లక్కర్లేదు, ఫైల్ పేరే చెప్తుంది. కెమెరా ఫైళ్ల పేర్లకు దాదాపు అన్ని కంపెనీలూ పాటించే డీసీఎఫ్ అనే నియమం ఉంది. దాని ప్రకారం అడోబ్ ఆర్‌జీబీలో తీసిన ఫైల్ పేరు కింది గీతతో, అంటే అండర్‌స్కోర్‌తో మొదలవుతుంది. నికాన్‌లో మామూలుగా డీఎస్‌సీ అక్షరాల తర్వాత వచ్చే గీత ముందుకు జరుగుతుంది. కెనాన్‌లో ఐఎంజీ బదులు గీత, ఎంజీ అని మొదలవుతుంది. ఎవరైనా మీకు ఫొటోలు పంపినప్పుడు పేరు గీతతో మొదలైతే, తెరవకముందే జాగ్రత్త పడొచ్చు. అయితే పేర్లు మార్చేస్తే ఈ ఆనవాలు పోతుంది. అప్పుడు ఫైల్ ప్రాపర్టీస్‌లోనో, ఎగ్జిఫ్ (ఫొటోతో పాటు కెమెరా రాసి పెట్టే వివరాలు) చూపించే ప్రోగ్రామ్‌లోనో చూడాలి. ఎగ్జిఫ్‌లోని కలర్ స్పేస్ గడిలో 1 ఉంటే ఎస్ఆర్‌జీబీ. 65535 లేదా 'అన్‌క్యాలిబ్రేటెడ్' అని ఉంటే అది వేరేది, కెమెరా జేపెగ్ అయితే అడోబ్ ఆర్‌జీబీ కావచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని కెమెరాలు అడోబ్ ఆర్‌జీబీ జేపెగ్‌లో ఐసీసీ ప్రొఫైల్‌ను పొదగవు, ఎగ్జిఫ్‌లో ఆ చిన్న గుర్తు మాత్రం పెడతాయి. ఫొటోషాప్ లాంటివి ఆ గుర్తును అర్థం చేసుకోగలవు. ప్రొఫైల్ కోసం మాత్రమే వెతికే ప్రోగ్రామ్‌లకు అది ఏ గుర్తూ లేని ఫైల్, అంటే వాటి లెక్కలో ఎస్ఆర్‌జీబీ. కెమెరా నుంచి నేరుగా పంపిన అడోబ్ ఆర్‌జీబీ ఫొటోలు ఒకచోట బాగుండి ఇంకోచోట పాలిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

కలర్ స్పేస్‌కూ, పిక్చర్ స్టైల్‌కూ ముడిపెట్టకండి. రంగులు గాఢంగా కావాలంటే 'వివిడ్' లాంటి స్టైల్ పెట్టాలి. కలర్ స్పేస్ మారిస్తే ఎరుపు ఇంకా ఎర్రబడదు.

అడుగు 5: రా తీసేవాళ్లు హిస్టోగ్రామ్ కోసం చేయగలిగేది

రా తీస్తే ఈ సెట్టింగ్ అనవసరం అన్నాను కదా, ఒక్క చోట అది అక్కరకొస్తుంది. కెమెరా వెనక స్క్రీన్ మీద కనిపించే హిస్టోగ్రామ్ (ఎడమ నుంచి కుడికి చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్), తెల్లగా మిణుకుమనే ఓవర్ ఎక్స్‌పోజర్ హెచ్చరిక రా డేటా నుంచి రావు. రా ఫైల్ లోపల దాచిన చిన్న జేపెగ్ నుంచి వస్తాయి. ఆ జేపెగ్ మీరు ఎంచుకున్న స్పేస్‌లో ఉంటుంది.

ఎర్ర గులాబీని దగ్గర నుంచి తీయండి. ఎస్ఆర్‌జీబీలో ఎరుపు ఛానెల్ కుడిగోడకు కొట్టుకుంటుంది, హెచ్చరిక మిణుకుమంటుంది. మీరు భయపడి ఎక్స్‌పోజర్ తగ్గిస్తారు. నిజానికి రా డేటాలో ఇంకా చోటు ఉండొచ్చు. అడోబ్ ఆర్‌జీబీ పెడితే, పైన చూసిన లెక్క ప్రకారం, 255 దగ్గర ఇరుక్కున్న ఎరుపు 219 దగ్గర కూర్చుంటుంది, ఆపైన ఏముందో కొంత కనిపిస్తుంది. హిస్టోగ్రామ్ రాకు కాస్త దగ్గరగా ఉంటుంది. పిక్చర్ స్టైల్‌ను 'న్యూట్రల్'కు మార్చి కాంట్రాస్ట్, సాచురేషన్ తగ్గిస్తే ఇంకా దగ్గరవుతుంది. పూలు, పక్షులు, గాఢమైన రంగుల బట్టలు రాలో మాత్రమే తీసేవాళ్లకు అడోబ్ ఆర్‌జీబీ పెట్టుకోమని నేను సంకోచం లేకుండా చెప్తాను. పక్కన జేపెగ్ కూడా తీస్తుంటే మాత్రం ఈ ఉపాయం జోలికి వెళ్లకండి.

అడుగు 6: కంప్యూటర్లో అసలు నిర్ణయం

రా ఎడిట్ చేసేటప్పుడు లోపల పనిచేసే స్పేస్ సాధారణంగా చాలా పెద్దదే ఉంటుంది. లైట్‌రూమ్ లోపల ప్రోఫొటో ఆర్‌జీబీ మూలల మీద ఆధారపడిన స్పేస్ వాడుతుంది, డార్క్‌టేబుల్ రెక్ 2020ని వాడుతుంది. మీరు ఎంచుకోవాల్సింది బయటికి తీసేటప్పుడు. లైట్‌రూమ్ ఎక్స్‌పోర్ట్ విండోలో 'ఫైల్ సెట్టింగ్స్' కింద కలర్ స్పేస్ గడి ఉంటుంది. స్క్రీన్ల కోసం జేపెగ్ అయితే ఎస్ఆర్‌జీబీ. ఫొటోషాప్‌లో ఇంకా పని ఉంటే 16 బిట్ల టిఫ్, అడోబ్ ఆర్‌జీబీ లేదా ప్రోఫొటో ఆర్‌జీబీ. ప్రోఫొటోను కోడక్ తయారుచేసింది. దాని పరిధి ఎంత పెద్దదంటే అందులో దాదాపు 13 శాతం రంగులు మనిషి కంటికి అసలు లేవు. అంత దూరాన్ని 256 మెట్లలో దాటలేం కాబట్టి ప్రోఫొటోను 8 బిట్లలో ఎప్పుడూ వాడకండి, ఆ స్పేస్‌లో జేపెగ్ ఎవరికీ పంపకండి.

ఫొటోషాప్‌లో ఎడిట్ మెనూలో పక్కపక్కనే ఉండే రెండు ఆజ్ఞలు చాలామందిని తిప్పలు పెడతాయి: 'అసైన్ ప్రొఫైల్', 'కన్వర్ట్ టు ప్రొఫైల్'. కన్వర్ట్ అంటే మీటర్ల కొలతను లెక్కగట్టి గజాల్లోకి తిరగరాయడం. అంకెలు మారతాయి, గుడ్డ పొడవు మారదు, అంటే రంగు కంటికి అలాగే ఉంటుంది. అసైన్ అంటే అంకెలను ముట్టుకోకుండా పక్కన 'మీటర్లు' అని కొట్టేసి 'గజాలు' అని రాయడం. అంకెలు అలాగే ఉంటాయి, రంగులు మారిపోతాయి. అడోబ్ ఆర్‌జీబీ ఫొటోను పంపడానికి సిద్ధం చేసేటప్పుడు కావాల్సింది ఎప్పుడూ కన్వర్టే. అసైన్ అవసరమయ్యేది ఒకే సందర్భంలో: ఫైల్‌కు చీటీ లేదు, లేదా తప్పు చీటీ ఉంది, అసలు ఏ స్పేస్‌లో తీశారో మీకు తెలుసు. అప్పుడు ముందు సరైన చీటీ అసైన్ చేసి, ఆ తర్వాత ఎస్ఆర్‌జీబీకి కన్వర్ట్ చేయాలి. వరుస తప్పితే పని చెడుతుంది.

సేవ్ చేసేటప్పుడు ప్రొఫైల్ పొదిగే గడిలో టిక్ ఉందో లేదో చూడండి. ప్రొఫైల్ పరిమాణం కొద్ది కిలోబైట్లే. దాన్ని తీసేసి ఫైల్ చిన్నది చేశామనుకోవడం దండగ.

ప్రింట్‌కు పంపేముందు, ల్యాబ్ ప్రొఫైల్ ఇచ్చి ఉంటే, సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింట్ ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపే నమూనా) చూడండి. ఆ కాగితం మీద పడని రంగులను ప్రోగ్రామ్ గుర్తుచేసి చూపిస్తుంది. ఫొటోలో మీకు ప్రాణమైన నీలాకుపచ్చ ఆ జాబితాలో ఉంటే యంత్రానికి వదిలేయకుండా సాచురేషన్ మీరే మెల్లగా దించండి. యంత్రం హద్దు దగ్గర టక్కున కోసేస్తే నీటి మీద అలల గీతలు కలిసిపోయి ఒకే ముద్ద అవుతుంది.

రంగు తేడా వస్తే

ఫొటో పాలిపోయి, చప్పగా, మొహాలు బూడిదరంగుకు తిరిగి ఉంటే అడోబ్ ఆర్‌జీబీ ఫైల్‌ను ఎవరో ఎస్ఆర్‌జీబీగా చదువుతున్నారు. ఫైల్ పేరులో గీత ఉందేమో చూసి, కన్వర్ట్ చేసి మళ్లీ పంపండి. అదే ప్రోఫొటో అయితే పాలిపోవడం మరీ దారుణంగా ఉంటుంది.

దానికి వ్యతిరేకంగా రంగులు కళ్లు చెదిరేలా ఉంటే, మొహాలు కందిపోయినట్టు ఎర్రగా ఉంటే, రెండు కారణాలుండొచ్చు. ఎస్ఆర్‌జీబీ ఫైల్‌కు పొరపాటున అడోబ్ చీటీ అంటించి ఉండొచ్చు. లేదా విస్తృత పరిధి ఉన్న మానిటర్ మీద ప్రొఫైల్‌ను పట్టించుకోని ప్రోగ్రామ్‌లో చూస్తుండొచ్చు. అదే ఫైల్‌ను ఫొటోషాప్‌లోనో, మంచి బ్రౌజర్‌లోనో తెరిస్తే మామూలుగా ఉందంటే ఫైల్‌ది తప్పు కాదు, ఆ ప్రోగ్రామ్‌ది.

ఫొటో మొత్తం పసుపుకో నీలానికో తిరిగి ఉంటే కలర్ స్పేస్‌ను అనుమానించకండి. అది వైట్ బ్యాలెన్స్ పని.

మీ దారిని మీరే పరీక్షించుకోండి

ఇంత చదివాక కూడా ఎటూ తేలకపోతే ఓ అరగంట కేటాయించండి. గాఢమైన నీలాకుపచ్చ వస్తువు ఒకటి, ఎర్రటిది ఒకటి, పక్కన ఒక మనిషి చేయి ఉండేలా పగటి వెలుతురులో అమర్చండి. కెమెరాను స్టాండ్ మీద పెట్టి, వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ కదలకుండా బిగించి, ఎస్ఆర్‌జీబీలో ఒకటి, అడోబ్ ఆర్‌జీబీలో ఒకటి జేపెగ్ తీయండి. రెండింటినీ ఏ మార్పూ చేయకుండా, మీ ఫొటోలు మామూలుగా వెళ్లే దారిలోనే పంపండి: అదే యాప్, అదే ల్యాబ్, అవతల అదే ఫోన్. తిరిగొచ్చాక పక్కపక్కన పెట్టి చూడండి. రెండో దాంట్లో చేయి పాలిపోయి ఉంటే మీ దారి అడోబ్ ఆర్‌జీబీని మోయలేదు. రెండూ ఒకేలా ఉంటే మోస్తోంది కానీ చివర్లో చూపించలేకపోతోంది. చేయి రెండింటిలోనూ ఒకేలా ఉండి, నీలాకుపచ్చ వస్తువు మాత్రం రెండో దాంట్లో నిండుగా, దాని మీద మడతలూ నీడలూ విడివిడిగా కనిపిస్తే, ఆ సెట్టింగ్ మీకు పనికొస్తుంది. అప్పుడు మార్చుకోండి.